కుప్పయ్య మామ నిచ్చెన దిగిన జాతర

పోయిన ఏడాది గంగమ్మ జాతరలో మా వీధి మొదట్లో నిలబెట్టిన అమ్మవారి లైట్ల బోర్డుకు బొట్టు ఆకుపచ్చగా వెలిగింది. వీధి వీధంతా చూసింది. ఒక్కరూ నోరు మెదపలేదు.

పాకాలలో మా బజారు వీధి సంగతి తెలిసినవాళ్ళు ఈ మాట నమ్మరు. మామూలుగా మావాళ్ళ నోళ్ళకు తాళాలుండవు. నేను జాకెట్లు కుట్టే మనిషిని. చంక దగ్గర ఒక్క కుట్టు బిగుతైతే చాలు, జయంతికి చేయి తిరగడం లేదని రైల్వే స్టేషను దాకా చెప్పుకుంటారు. నేను మాత్రం తక్కువ తిన్నానా, ఎవరికి నడుం పెరిగిందో టేపు పెట్టి మరీ మొహం మీదే చెప్పేస్తాను. అలాంటి వీధి, రెండంతస్తుల మిద్దెంత ఎత్తు గంగమ్మ నుదుట కుంకుమ ఉండాల్సిన చోట తమలపాకు రంగు వెలుగుతుంటే, తలెత్తి చూసి, చెంపలు వేసుకుని, అంబలి తాగి ఇళ్ళకు పోయింది. బెల్లం మండీ మునిరామయ్య అయితే, "ఈసారి కొత్త మోస్తరుగా ఉండాది" అని కూడా అన్నాడు. ఆయన మా జాతర కమిటీకి పెద్ద.

ఎందుకంటే ఆ బోర్డు కట్టింది కుప్పయ్య మామ. ఆయన మనసు నొప్పించడం మా వీధిలో ఎవరి వల్లా కాదు.

మామది మోటార్ల వైండింగ్ షాపు. నా అంగడికీ ఆయన షాపుకూ నడుమ ఒక్క గోడ. చుట్టుపక్కల మామిడి తోటల్లో బోరు మోటారు కాలిపోతే రైతులు బండి మీద వేసుకొచ్చి ఆయన వాకిట్లో దించుతారు. ఆయన లోపలి రాగితీగ పెరికేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. ఆ వాసన గోడ దాటి వచ్చి నేను కుట్టిన పెళ్ళి జాకెట్లకు పట్టుకుంటుంది. "ఏందక్కా ఈ వాసన?" అని ఆడపిల్లలు ముక్కు చిట్లిస్తే, మా మామ సెంటు అని చెబుతాను. వాళ్ళు నవ్వేసి పట్టుకుపోతారు. తోట ఎండిపోతోందని రైతు మొహం వేలాడేసుకుని వస్తే మామ ఆ మోటారు తిరిగేదాకా షాపు మూయడు. అలాగని దేవుడేమీ కాదు. సుగరున్న మనిషి, గుళ్ళో చక్కెర పొంగలి పెడితే రెండోసారి వరుసలో నిలబడతాడు. జోకు చెప్పబోయి, సగంలోనే తాను నవ్వేసి, మిగతా సగం మనకు చెప్పకుండా వదిలేస్తాడు. ఇన్నేళ్ళలో ఆయన జోకు ఒక్కటి కూడా నేను పూర్తిగా వినలేదు.

ఆ బోర్డు పుట్టిన కథ నేను అక్కమ్మత్త నోట విన్నాను. అక్కమ్మత్త మామ భార్య. వాళ్ళ పెళ్ళయిన కొత్తల్లో జాతరకు లైట్లు బయటి నుంచి బాడుగకు తెచ్చేవాళ్ళట. ఒక ఏడాది బాడుగ మనిషి ఎక్కువ ఇచ్చే ఊరొకటి చూసుకుని అటు పోయాడు. మా వీధిలో అమ్మ ఊరేగింపు పెట్రోమాక్సు లైట్లతో జరిగింది. మామకు అది మనసులో పడిపోయింది. మరుసటి జాతరకు ఇనుప చువ్వలు తెచ్చి, షాపు ముందర నేల మీద సుద్దముక్కతో గంగమ్మ బొమ్మ గీసి, ఆ గీతల వెంబడి చువ్వలు వంచి ఫ్రేము కట్టాడు. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోయిందట. కళ్ళు ఎలా గీయాలో తెలియక అక్కమ్మత్తను పిలిచి ఎదురుగా పీట మీద కూర్చోబెట్టుకున్నాడు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, నన్ను ఇక్కడ కూర్చోబెట్టావేందని ఆమె గుర్రుగా చూస్తూ కూర్చుంది. ఆ చూపే బోర్డుకెక్కింది. మా గంగమ్మకు రాక్షసుల మీద కన్నా మొగుడి మీదే కోపం ఎక్కువ ఉన్నట్టు కనబడుతుందని నేను అంటుంటాను.

ఫ్రేము నిండా చిన్న బల్బులు. రంగులు ఆయనే వేసేవాడు. తెల్ల బల్బులను తీగకు గుచ్చి, రంగు డబ్బాల్లో ముంచి, పెరట్లో బట్టలారేసే తీగ మీద వేలాడదీసేవాడు. ఒకవైపు అక్కమ్మత్త పట్టుకునేది. గాజులు తిరిగినట్టు, కమ్మలు ఊగినట్టు కనబడడానికి ఒక కొయ్య దిమ్మకు రాగి రేకులు బిగించి, చిన్న మోటారుతో తిప్పేవాడు. దాన్ని రోలరు అంటారు. అది తిరిగేకొద్దీ ఒక వరుస వెలిగి ఇంకో వరుస ఆరుతుంది. వీధి పొడుగునా ఇంటికీ ఇంటికీ మధ్య వేసే సీరియల్ బల్బుల సెట్లు కూడా ఆయనవే.

బోర్డు వెలిగించడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మొదట ఒంటి చుట్టూ గీత, తర్వాత చీర, తర్వాత మొహానికి పసుపు, ఆ తర్వాత కుంకుమ బొట్టు, అన్నిటికన్నా చివర కళ్ళు. కళ్ళు తెరుచుకోగానే వీధంతా ఒక్కసారి కేక వేస్తుంది. ఆ కేక కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వస్తారు.

ఆ స్విచ్చులు, రోలరు అన్నీ బోర్డు వెనకాల ఉంటాయి. కాబట్టి కేక వినబడేటప్పుడు మామ ఎప్పుడూ వెనకే. చిక్కుపడ్డ వైర్లు, చువ్వల వీపు, ఇదీ ఆయన చూసే గంగమ్మ. ముందు జనంలో అక్కమ్మత్త ఒక్కతే నిలబడి చూసేది. పెళ్ళయిన జంటలు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని పక్కపక్కన నిలబడితే ఆమె మాత్రం చెంగు చుట్టుకుని ఒక మూల నిలబడేది. చిన్నప్పటి నుంచి ఆమెను అలాగే చూశాను. అది నాకు వింతగా కూడా అనిపించేది కాదు.

ఇక ఆకుపచ్చ బొట్టు దగ్గరికి వస్తాను.

మామకు కళ్ళు మందగించాయని మాకు ఆ సాయంత్రం అర్థమైంది. అక్కమ్మత్త ఇంట్లో లేని పూట ఎరుపు డబ్బా అనుకుని బొట్టు బల్బులను ఆకుపచ్చలో ముంచేశాడు. అంతకు ముందే మొబైల్ షాపు నవీన్ తిరుపతిలో కొత్త రకం ఎల్‌ఈడీ లైట్లు చూసొచ్చి, మన వీధికి కూడా అవే పెడదామని గోల చేస్తున్నాడు. కరెంటు తక్కువ తాగుతాయి, వానకు చెడవు, ఫోనులో నొక్కితే రంగు మారుతుంది అంటాడు. వాడు కుర్రాడే గాని పని తెలిసినవాడు. జాతర అయిపోయాక కమిటీ నా అంగట్లో కూర్చుంది. మునిరామయ్య, నవీన్, నేను. కొత్త లైట్లు కావాలని ముగ్గురం ఒప్పుకున్నాం. అసలు చిక్కు కుప్పయ్య మామకు ఎవరు చెప్పాలన్నది.

"నేను జెప్పలేనబ్బా," అన్నాడు మునిరామయ్య. "ఆయప్ప ప్రాణం ఆ బోర్డులోనే ఉండాది. దాన్ని ఇప్పేస్తామని ఏ నోటితో జెప్పేది?"

నవీన్ తల వంచుకున్నాడు. నేను చెబుతానన్నాను గాని, గోడ అవతల ఆయన రాగితీగ చుట్టుకుంటూ తనలో తాను నవ్వుకుంటున్న చప్పుడు వినబడేసరికి నాకూ నోరు రాలేదు. కాబట్టి చందా వసూలు మొదలుపెట్టాం గాని, లైట్లకని చెప్పలేదు. అమ్మవారి మండపం రిపేరు అని చెప్పాం. లైట్లకని తెలిస్తే మామ చెవిన పడుతుందని భయం. మండపానికి పోయిన ఏడాదే సున్నం కొట్టించాం, అది నిక్షేపంగా ఉంది. అయినా వీధంతా మాకు వంత పాడింది. లోపల సంగతి అందరికీ తెలుసు. మండపం పగుళ్ళిచ్చిందని ఒకరు, వాన వస్తే కారుతుందని ఒకరు, లేని జబ్బులన్నీ దానికి అంటగట్టారు.

డబ్బున్నవాళ్ళతో ఇంకో తంటా. కోళ్ళఫారం రఘునాథ్ పెద్ద చందా ఇస్తాననీ, వీధి మొదట్లో లైట్ల తోరణం మధ్య తన ఫొటో పెట్టాలనీ షరతు పెట్టాడు. "నీ ఫొటో చుట్టూ లైట్లు గిరగిరా తిరగతా ఉంటే జనం ఎప్పుడు పొయినాడని అడగతారు, ఆలోచించుకో అన్నా," అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ఫొటో అక్కర్లేదని చందా మాత్రం ఇచ్చాడు.

అందరికన్నా ముందు చందా తెచ్చిచ్చింది ఎవరనుకున్నారు? కుప్పయ్య మామే. "మండపం పడిపోతుందంట గదా పాపా" అంటూ జేబులో ఉన్నదంతా నా మిషను మీద పెట్టాడు. మరునాడు సుత్తి పట్టుకుపోయి మండపం స్తంభాలన్నీ తట్టి చూసి వచ్చాడు. "బాగానే ఉండాదే!" అని మునిరామయ్యను అడిగితే, ఆయన లోపల్లోపల దెబ్బతినిందని చెప్పి దగ్గుకున్నాడు. తన బోర్డు దించడానికి తానే చందా ఇచ్చిన మనిషిని చూసి నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

అలా ఏడాది గడిచింది. డబ్బు కూడింది, నోరు మాత్రం పెగల్లేదు. ఈ ఏడాది జాతర చాటింపు దగ్గరపడింది. ఈసారి లైట్ల సంగతేందని మామ అడిగినప్పుడల్లా, మండపానికే చాలడం లేదు మామా, లైట్లకు డబ్బుల్లేవు అంటూ వచ్చాం. ఈ ఒక్క ఏడాదికీ పాతవే కానిద్దాం, వచ్చే ఏడాది చూద్దాం అని మునిరామయ్య తేల్చేశాడు. నేనూ సరేనన్నాను.

ఒకనాడు మధ్యాహ్నం కరెంటు పోయి మిషను ఆగింది. నేను వాకిట్లోకి వచ్చేసరికి అక్కమ్మత్త వెదురు నిచ్చెన ఒకటి ఈడ్చుకుంటూ వస్తోంది. ఆమె నా భుజం దాకా కూడా రాదు. నిచ్చెన ఆమెకు రెండింతలుంది. చెమటతో జాకెట్టంతా తడిసిపోయింది.

"ఏందత్తా ఇది?" అని పరుగెత్తాను.

"నీ అంగట్లో దాచి పెట్టు పాపా. ఆయప్ప అడిగితే నాకు తెలీదని జెప్పు," అంది రొప్పుతూ. "కట్టుకున్న మొగుడింట్లో దొంగతనం జేసుకోని వస్తా ఉండా."

నిచ్చెన లోపల గోడకు ఆనించి, ఆమెను కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది.

"సుగరు కంట్లోకి దిగిందంట. తిరుపతి ఆస్పత్రిలో జెప్పినారు. ఇంక ఎత్తులు ఎక్కబాకు పెద్దాయనా అని గట్టిగా జెప్పినారు. ఇంటికి రాంగానే, వీధిలో ఎవురికీ జెప్పనని నా చేత ఒట్టేయించుకున్నాడు. మెట్టు యాడుండాదో కాలితో తడుముకోని ఎక్కతా ఉండాడు పాపా. పోయినేడు ఒక మెట్టు తప్పి మోకాలంతా చీరుకుపోయింది. నాకు జెప్పకుండా పంచె కిందికి లాక్కోని తిరిగినాడు. ఈసారి పడితే నాకెవురుండారు?"

"మరి వద్దని జెప్పకూడదా అత్తా?"

"జెప్పకేం! దినామూ జెప్తా ఉండా. వీధికి డబ్బుల్లేవంట గదా. నేను ఎక్కకపోతే జాతర చీకట్లో జేసుకుంటారా అంటాడు. దానికి నేనేం బదులు జెప్పేది?" ఆమె నా చేయి పట్టుకుంది. "చీకట్లో జేస్తే అమ్మేమీ అలగదు పాపా. మీరు డబ్బులు కూడినప్పుడే లైట్లు పెట్టుకోండి. ఆయప్పను మాత్రం ఎక్కించబాకండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మనసు నొప్పించకూడదని మేమాడిన అబద్ధమే ఆయన్ను ఈ ఏడాది కూడా నిచ్చెన ఎక్కిస్తోంది. డబ్బు బ్యాంకులో చల్లగా ఉంది. కళ్ళు సరిగా కనబడని మనిషి మాత్రం పైకెక్కి, మెట్టు కోసం కాలితో వెతుక్కుంటున్నాడు. వీధి మీదా, మునిరామయ్య మీదా, అందరికన్నా నా మీదా నాకు ఒళ్ళు మండిపోయింది. నేను లేచి, అత్తను అక్కడే కూర్చోమని చెప్పి, బెల్లం మండీకి పోయి మునిరామయ్యను తూకం దగ్గర నుంచి లేపాను. దారిలో నవీన్‌ను పట్టుకున్నాను. ఇద్దరినీ తీసుకుపోయి వైండింగ్ షాపులో స్టూళ్ళ మీద కూర్చోబెట్టాను.

మామ ఒళ్ళో మోటారు పెట్టుకుని తీగ చుట్టుకుంటున్నాడు. వేళ్ళు చకచకా ఆడుతున్నాయి. ఆ పనికి ఆయనకు కళ్ళతో అవసరం లేదు.

మునిరామయ్య గొంతు సవరించుకున్నాడు. మేం ఊపిరి బిగబట్టాం.

"ఏం కుప్పయ్యా, ఈ ఏడు తోతాపురి మామిడికి రేటెట్టుండాది?"

"నాకు తోట యాడిదబ్బా?" అన్నాడు మామ ఆశ్చర్యంగా.

"అదే, అందరికీ ఎట్టుండాదా అని."

తర్వాత ఎండల మీదికి పోయాడు. ఎండల నుంచి మండీలో ఈగల మీదికి పోయాడు. నవీన్ పక్కనున్న కాలిన మోటారును జన్మలో చూడనట్టు తిప్పి తిప్పి చూస్తున్నాడు. మామ అందరికీ టీ చెప్పబోయాడు. టీ వస్తే ఇంక మాట రాదని నాకు తెలుసు.

"మామా," అన్నాను. గొంతు నేననుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. "పోయినేడు అమ్మ బొట్టు ఆకుపచ్చగా ఎలిగింది."

మునిరామయ్య కళ్ళు మూసుకున్నాడు. మామ చేతిలో తీగ ఆగింది. ఆయన మోటారును ఒళ్ళోంచి తీసి నెమ్మదిగా కింద పెట్టాడు. బనియనుకు చేతులు తుడుచుకున్నాడు.

"ఈ మాట జెప్పేదానికి ఇన్నాళ్ళు పట్టిందా పాపా?" అన్నాడు.

మాకు అర్థం కాలేదు.

"ప్రతి ఏడూ నేను ఎనక నుంచి ముందరికి రాంగానే అందురూ ఏదో ఒక వంక పెడతారు. గాజులు నిదానంగా తిరగతా ఉండాయని ఒకరు, ముక్కుపుడక వాలిందని ఒకరు. పోయినేడు అందురూ బాగుండాది, బాగుండాది అన్నారు. ఒక్కరన్నా వంక పెట్టలా. అప్పుడే నా గుండె జారిపోయింది. ఏదో శానా పెద్ద తప్పే జేసినా అనుకున్నా." ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మర్నాడు బొట్టులోంచి ఒక బల్బు పీకి జేబులో ఏసుకోని చిత్తూరు బస్సెక్కినా. ఈడైతే తెలిసిపోతుంది గదా. ఆడ పెయింట్ల అంగట్లో ఆ బల్బు సూపించి, ఇదే రంగు ఒక డబ్బా ఇయ్యప్పా అన్నా. ఆయప్ప ఆకుపచ్చ తెచ్చి ఇచ్చినాడు. పేరు సదివి నాకు జెప్పినాడు గూడా. మొహమాటానికి డబ్బా కొనుక్కోని వచ్చినా."

షాపు మూలలో ఆ డబ్బా మూత తీయకుండా ఉంది. నేను రోజూ చూసే డబ్బానే అది.

"ఎవురన్నా జెప్తారేమో, జెప్తే సరేనని దిగిపోదామని ఏడాదంతా కాచుకోనుండా. ఎవురూ జెప్పలా. పాపం డబ్బుల్లేవు గాబోలు, నేను గూడా కాదంటే వీళ్ళేం జేస్తారని మళ్ళా బల్బులు దించుకున్నా. నాకు మాత్రం భయం లేదా పాపా? పైకి పోయినాక కింద నేల కనపడదు. అక్కమ్మ గొంతు యాడ నుంచి వస్తా ఉంటే ఆడే నేల అనుకుంటా."

మునిరామయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆయనకు ఏడుపు తొందరగా వస్తుంది. నాకు రాదు, కానీ ఆ పూట వచ్చింది.

"డబ్బులుండాయి కుప్పయ్యా," అన్నాడు మునిరామయ్య.

"ఉండాయా?"

"మండపానికని కూడేసినాం గదా, అయ్యి లైట్లకే. నువ్వు బాధపడతావని..."

మామ తొడ చరుచుకున్నాడు. "మండపం బాగానే ఉండాదని నేను అప్పుడే జెప్తిని గదబ్బా!" అన్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చి నవీన్ వైపు తిరిగాడు. "నా చందా గూడా అందులోనే ఉండాదా?"

"ఉండాది తాతా."

"అయితే ఆ లైట్లలో నాయి గూడా నాలుగుంటాయి," అని ఈసారి నిజంగానే నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. గోడ అవతల నా అంగడిలో ఏదో పడ్డ చప్పుడైంది. అక్కమ్మత్త మా మాటలన్నీ వింటూ గోడకు ఆనుకుని నిలబడి, చూసుకోకుండా నిచ్చెనను పడేసిందట.

ఆ తర్వాత పనులు జోరుగా సాగాయి. బయట దొరికే రెడీమేడ్ బోర్డులు నవీన్ ఫోనులో చూపించాడు. అన్నిట్లోనూ ఒకే దేవత, ఒకే నవ్వు. ఎవరెలా పోతే నాకేం అన్నట్టు నవ్వుతోంది. నేను ఒప్పుకోలేదు. మా గంగమ్మ గుర్రుగా చూడాల్సిందే అన్నాను. చివరికి మామ కట్టిన ఫ్రేము మీదే పాత బల్బులు విప్పేసి కొత్త ఎల్‌ఈడీలు బిగించడానికి తిరుపతి నుంచి పనివాళ్ళు వచ్చారు. మిగిలిన డబ్బుతో వీధి పొడుగునా లైట్ల తోరణాలు వచ్చాయి.

పాత బల్బులు విప్పుతుంటే మామ ఏడుస్తాడని వీధంతా తొంగి చూసింది. ఆయన ఏడవలేదు. రోలరు మోటారు ఊడదీసి గ్రైండరు కాలిపోయిన ఒకావిడకు బిగించి ఇచ్చాడు. కొయ్య దిమ్మ మీద అక్కమ్మత్త తులసి కుండీ పెట్టుకుంది.

నవీన్ మాత్రం మొదటిసారి బోర్డు పరీక్షించినప్పుడు అన్ని రంగులూ ఒక్కసారిగా భగ్గుమనిపించాడు. మామ కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "నిద్రపోయే మనిషి మొహాన బకెట్టు నీళ్ళు కుమ్మరించినట్టుండాది నాయనా," అన్నాడు. తర్వాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. ముందు గీత, తర్వాత చీర, పసుపు, బొట్టు, కడపటికి కళ్ళు. ఒకదానికీ ఇంకోదానికీ నడుమ జనం ఊపిరి తీసుకోవాలి. నవీన్ మారుమాట లేకుండా అలాగే మార్చాడు. వాడు ఆ పూట తాతను అడిగి అడిగి రాసుకోవడం చూసి నాకు వాడి మీద ప్రేమ పుట్టింది.

జాతర సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వీధి నిండిపోయింది. మామ గడ్డం గీయించుకుని తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. అలవాటు చొప్పున తిన్నగా బోర్డు వెనక్కి పోబోయాడు. అక్కమ్మత్త చొక్కా పట్టుకుని లాగింది.

"యాడికి? ముందరికి రా."

"ఆ, ముందరికి గదా," అన్నాడు మామ. కొత్త పెళ్ళికొడుకులా ఆమె వెనకే నడిచి వచ్చాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఆమె ఒక్కతే నిలబడిన ఆ మూలలోనే ఇద్దరూ నిలబడ్డారు. నేను వాళ్ళ పక్కనే ఉన్నాను. అత్త ఆయన చేయి వదల్లేదు.

నవీన్ ఫోను నొక్కాడు. ఒంటి గీత మెరిసింది. జనం చూపులు పైకి లేచాయి. చీర నిండింది. తర్వాత మొహమంతా పసుపు పరుచుకుంది.

"ఏం కనపడతా ఉండాది?" అని అత్త మెల్లగా అడిగింది.

మామ తలెత్తి కళ్ళు చిట్లించి చూశాడు. "బొట్టు," అన్నాడు. "ఎర్రగా ఉండాది."

బొట్టు ఇంకా వెలగలేదు. నుదురంతా ఉత్త పసుపే. నా నోటి సంగతి నాకు తెలుసు కదా, నాలుక చివరి దాకా వచ్చింది. అత్త నా వైపు చూసింది. బోర్డు మీది చూపే అది. నేను నోరు మూసుకున్నాను. ఇక ఆయన రంగు తప్పు చెప్పినా ఎవరూ కింద పడరు.

"అవును, ఎర్రగానే ఉండాది," అంది అత్త.

ఆమె ఆ మాట అంటుండగానే నవీన్ నొక్కాడు. గంగమ్మ నుదుట కుంకుమ బొట్టు ఎర్రగా వెలిగింది. మామ కాస్త ముందు చెప్పాడు, అంతే. జనం ఊపిరి తీసుకున్నారు. అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి.

వీధంతా కేక వేసింది. అందరూ బోర్డు వైపు చూస్తుంటే మామ మాత్రం పక్కకు తిరిగి అక్కమ్మత్త మొహానికి దగ్గరగా వంగాడు.

"వంకేమన్నా ఉండాదా?" అని అడిగాడు. గొంతులో భయం నాకు వినబడింది.

అత్త బోర్డును పైనుంచి కింది దాకా తీరిగ్గా చూసింది.

"ముక్కుపుడక కొంచెం వాలింది," అంది.

మామ ఊపిరి వదిలి, ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని నవ్వాడు.